80 తోపుల జహాజ్



'తండేల్' సినిమా చూసి ఇంటికొస్తుంటే మా చిన్నది బండి వెనక కూర్చుని అడిగింది: "అబ్బా, తండేల్ అంటే ఉర్దూనా, తెలుగా?" శ్రీకాకుళం వైపు పడవ మీద పెద్దని అలా పిలుస్తారని సినిమాలోనే చెప్పారు. నేను "అది సముద్రం భాష, బేటీ" అన్నాను. తప్పించుకోవడానికి అన్న మాటే గానీ, రాత్రి ఆలోచిస్తే నిజమే అనిపించింది. గోదావరి లాంచీ నడిపే మనిషిని మనవాళ్ళు సరంగు అంటారు. రేవులో బరువులు మోసే మనిషి కళాసీ. పడవ తిప్పేది చుక్కాని, ఆపేది లంగరు. మా మచిలీపట్నాన్ని జనం బందరు అనే పిలుస్తారు, బందర్ అంటే ఫార్సీలో రేవు. ఈ మాటలు పుస్తకాల్లోంచి రాలేదు. ఓడలెక్కి వచ్చాయి.

ఆ తండేల్‌ని వెతుక్కుంటూ అబుల్ ఫజల్ 'ఆయీనె అక్బరీ' తెరిచాను. అక్బర్ బాద్షా నౌకల శాఖ మీర్ బహ్రీ గురించి అందులో ఒక చిన్న భాగం ఉంది. ఓడ మీద ఎన్ని రకాల మనుషులుంటారు, ఎవరి జిమ్మేదారీ ఏమిటి, ఎవరి తన్ఖా ఎంత అని అబుల్ ఫజల్ వరసగా రాసి పెట్టాడు. మొత్తం 12 రకాలు. సముద్రం మీద బతికిన మనిషి కాదు ఆయన, దర్బారు మనిషి. అయినా ఆ పట్టిక చదువుతుంటే ఓడ కళ్ళముందు కదిలింది.

అందరికంటే పైన నాఖుదా. నావకి ఖుదా, అంటే యజమాని. ఓడ ఎటు పోవాలో తేల్చేది ఆయనే. ఆయన కింద ముఅల్లిం. మన మద్రసాలో ముఅల్లిం చదువు చెబుతాడు, ఓడ మీద ముఅల్లిం దారి చెబుతాడు. లోతు ఎక్కడ, మెరక ఎక్కడ, ఏ నక్షత్రం ఏ దిక్కున ఉంది అన్నీ ఆయనకి తెలియాలి. ఓడని ప్రమాదంలో పడనివ్వకుండా గమ్యం చేర్చడం ఆయన జిమ్మా. తర్వాత మన తండేల్, ఖలాసీలందరికీ పెద్ద. ఓడని ఒడ్డుకి చేర్చేటప్పుడు, దింపేటప్పుడు చూసుకునేవాడు సర్‌హంగ్. మన సరంగు ఆయన మనవడే. సరుకుల గదికి భండారీ. ఓడ హిసాబ్ రాసేవాడు కర్రానీ. ముసాఫిర్లకి మంచినీళ్ళు కొలిచి ఇచ్చేదీ ఈయనే. లెక్కలు రాసే మనిషి చేతికే నీళ్ళు అప్పగించడం నాకు చాలా నచ్చింది. నడి సముద్రంలో నీళ్ళకంటే జాగ్రత్తగా హిసాబ్ చూడాల్సింది ఇంకేముంది?

చుక్కాని పట్టేవాడు సుక్కాన్‌గీర్. తెరచాప స్తంభం మీదికెక్కి, నేల కనిపించినా, పరాయి ఓడ కనిపించినా, తుఫాను కమ్ముకొస్తున్నా కేకేసేవాడు పంజరీ. ఓడలోకి ఊరిన నీళ్ళు తోడేవాడు గుమ్తీ. చిల్లు పడితే నీళ్ళలోకి దూకి మూసేవాళ్ళు, చిక్కుకున్న లంగరు విడిపించేవాళ్ళు ఖర్వాలు. సముద్రం మీద లడాయి వస్తే తోపు పేల్చడానికి తోపందాజ్‌లు.

ఇక తన్ఖాలు. బెంగాల్‌లోని సాత్‌గావ్ రేవు లెక్క ఇచ్చాడు అబుల్ ఫజల్. నాఖుదాకి 400 రూపాయలు. అదికాక ఓడలో నాలుగు అరలు ఆయనవే, సొంత సరుకు నింపుకుని వ్యాపారం చేసుకోవచ్చు. ముఅల్లింకి 200, రెండు అరలు. తండేల్‌కి 120. కర్రానీకి 50, ఒక అర. సర్‌హంగ్‌కి 25. చుక్కాని పట్టేవాడికీ, స్తంభం మీద నిలబడి కాపలా కాసేవాడికీ 15. తోపు పేల్చేవాడికి 12.

నేను ఆ చివరి అంకె దగ్గర ఆగిపోయాను. లడాయిలో ఎవరి మీద అందరి జాన్ ఆధారపడి ఉందో అతని తన్ఖాయే పట్టికలో అన్నిటికంటే తక్కువ. అతని తర్వాత తక్కువ, ముందుగా ప్రమాదాన్ని చూడాల్సిన పంజరీది. ఇది తప్పని నేననడం లేదు. తోపులు రోజూ పేలవు, వ్యాపారం రోజూ జరుగుతుంది. కానీ ఈ 12 రూపాయల్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఓడ హిఫాజత్ గురించి మన పెద్దలకి ఎందుకింత పట్టింపు అంటే, అది సరుకు గొడవ మాత్రమే కాదు. హజ్ గొడవ. ఆలె ఇమ్రాన్ సూరాలో హజ్‌ని ఫర్జ్ చేసిన ఆయత్‌లోనే, దారికి తాహతు ఉన్నవారికి అనే షర్త్ ఉంది. దారిలో అమన్ ఉండడం కూడా ఆ తాహతులో భాగమని ఫుఖహాలు చెప్పారు. 16వ శతాబ్దంలో హిందూస్తాన్ నుంచి మక్కాకి సముద్రం దారి పోర్చుగీసుల చేతిలో ఉండేది. వాళ్ళ పర్వానా, కార్తాజ్ అనేది, చేతిలో లేకుండా ఓడ కదిలితే పట్టుకుపోయేవాళ్ళు. ఆ కాగితం మీద హజ్రత్ మర్యం, ఈసా అలైహిస్సలాంల బొమ్మలుండేవి. అక్బర్ మేనత్త గుల్‌బదన్ బేగం అంతటావిడ కూడా 1576లో ఓడ కదిలేలోపు సూరత్‌లో నెలల తరబడి ఎదురు చూడాల్సి వచ్చింది.

ఈ పర్వానా మీద ఒక పెద్ద ఆలిం, మఖ్దూముల్ ముల్క్ అబ్దుల్లా సుల్తాన్‌పురీ, హజ్ ఇప్పుడు ఫర్జ్ కాదని ఫత్వా ఇచ్చాడని బదాయూనీ రాశాడు. సముద్రం మీద వెళ్తే బొమ్మలున్న ఫరంగీ కాగితం మొయ్యాలి, నేల మీద వెళ్తే ఇరాన్‌లో ఖిజిల్‌బాష్‌ల మధ్య నుంచి వెళ్ళాలి, రెండూ కుదరవు కాబట్టి ఫర్జ్ తొలగిపోయింది అని. తాను హజ్‌కి వెళ్ళకుండా ఉండడానికే ఇలా అన్నాడని బదాయూనీ దెప్పాడు. బదాయూనీకి ఆయనంటే పడదు, అదీ చూసుకోవాలి. చివరికి అక్బర్ ఆ పెద్దాయన్ని పట్టుబట్టి మక్కాకే పంపేశాడు.

కాగితం ఇచ్చినవాడైనా మాట మీద నిలబడ్డాడా? 1613లో సూరత్ దగ్గర పోర్చుగీసులు రహీమీ అనే పెద్ద ఓడని పట్టుకున్నారు. అది మర్యం జమానీ బేగంది, అక్బర్ భార్య, జహాంగీర్ కన్నతల్లి. దాని దగ్గర కార్తాజ్ ఉంది. అయినా దాదాపు 700 మంది ముసాఫిర్లతో సహా గోవాకి తోలుకుపోయారు. బాద్షా అమ్మీజాన్ ఓడ! జహాంగీర్ డామన్ మీదికి ఫౌజ్ పంపాడు, ఆగ్రాలో పాద్రీల చర్చి మూయించాడు. ఒడ్డు మీద చేయగలిగిందంతా చేశాడు. నీళ్ళ మీద మొగల్ బాద్షాకి చెయ్యి అందేది కాదు.

కాగితం కాపాడదని తేలాక మిగిలింది తోపులు. ఔరంగజేబ్ ఓడ గంజ్-ఎ-సవాయీ సంగతి ఇక్కడ మొదలవుతుంది.

ఈ కథ చాలామందికి తెలుసు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారి హజ్ రోజుల్లో తిరుగుతుంది. ఇంగ్లీషు ఓడదొంగ హెన్రీ ఎవరీ హాజీల ఓడ దోచుకున్నాడు, బేగంల ఇజ్జత్ తీశాడు అని. అందులో అబద్ధం లేదు. కానీ మనం పంచుకునే కథలో ఒక మనిషి ఎప్పుడూ కనిపించడు. అతన్ని ఖాఫీ ఖాన్ దాచలేదు, మనం దాచాం.

ఖాఫీ ఖాన్ 'ముంతఖబుల్లుబాబ్' రాసిన ముఅర్రిఖ్. ఆ రోజుల్లో ఆయన సూరత్‌లో ఉన్నాడు. ఎవరి పని మీద అనుకున్నారు? మన గోల్కొండ కోటని 1687లో చివరిదాకా కాచి, ఒళ్ళంతా గాయాలతో పడిపోయిన అబ్దుర్రజాక్ లారీ పని మీద. లారీ తర్వాత మొగల్ నౌకరీలో చేరి కొంకణ్‌లోని రాహిరీకి ఫౌజ్‌దార్ అయ్యాడు. ఆయనకోసం సూరత్‌లో సుమారు రెండు లక్షల సరుకు కొని తీసుకుపోతూ ఖాఫీ ఖాన్ బొంబాయి ఇంగ్లీషువాళ్ళని కలిశాడు కూడా. కాబట్టి ఈయనది దూరం నుంచి విన్న కబురు కాదు.

1695 సెప్టెంబరు. సూరత్ రేవులోకెల్లా పెద్ద జహాజ్ గంజ్-ఎ-సవాయీ. ఏటా హాజీల్ని తీసుకెళ్ళి తెచ్చేది. ఆ ఏడు మోఖా, జిద్దాల్లో హిందూస్తానీ సరుకు అమ్మగా వచ్చిన 52 లక్షల రూపాయల వెండి, బంగారం దాంట్లో ఉందని ఖాఫీ ఖాన్ లెక్క. 80 తోపులు, 400 తుపాకులు ఉన్నాయట. నాఖుదా పేరు ఇబ్రహీం ఖాన్.

ఎవరీ తన ఓడ ఫ్యాన్సీతో, మరికొన్ని దొంగ ఓడలతో బాబుల్ మందబ్ దగ్గర మాటు వేశాడు. ఎర్ర సముద్రం నుంచి బయటికొచ్చే ఇరుకు దారి అది. ఏడుపుల దర్వాజా అని దాని పేరుకి అర్థం. మోఖా నుంచి బయల్దేరిన ఓడల గుంపు చీకట్లో వాళ్ళ పక్కనుంచే జారుకుంది. అక్కడిదాకా పంజరీలూ ముఅల్లింలూ తమ పని తాము చేసినట్టే. దొంగలు తెల్లారాక సంగతి తెలుసుకుని వెంటపడ్డారు. ముందు సూరత్ షావుకారు అబ్దుల్ గఫూర్ ఓడ ఫతేహ్ ముహమ్మదీ దొరికింది. తర్వాత, సూరత్ ఇంకో ఎనిమిది తొమ్మిది రోజుల దూరం ఉందనగా, గంజ్-ఎ-సవాయీ.

ఫ్యాన్సీ చిన్న ఓడ. దాని మీద 46 తోపులు. గంజ్-ఎ-సవాయీ మొదటి తోపు పేల్చింది. ఆ తోపు పగిలిపోయింది. ముక్కలు తగిలి ముగ్గురో నలుగురో సొంతవాళ్ళే చచ్చారు. అంతలో దొంగల గుండు ఒకటి వచ్చి పెద్ద తెరచాప స్తంభానికి తగిలింది. అది దెబ్బతింటే ఓడ కుంటిదే. దొంగలు పక్కకొచ్చి కత్తులు దూసి డెక్కు మీదికి దూకారు.

అప్పుడు నాఖుదా ఇబ్రహీం ఖాన్ ఓడ అడుగు అరలోకి పరుగెత్తాడు.

ఆ అరలో అతను మోఖాలో తన కోసం కొన్న తుర్కీ అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళ తలలకి పగ్డీలు చుట్టి, చేతికి కత్తులిచ్చి, వెళ్ళి పోరాడమని పైకి తోలాడు. వాళ్ళు దొంగల చేతిలో పడ్డారు.

ఇది చదివి నేను కితాబ్ మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. 400 తుపాకులున్న ఓడలో, 400 రూపాయల హోదాలో ఉన్న మనిషి, తను కొన్న బాందీల్ని ముందుకి తోశాడు. ఓడ మీద ఏ జిమ్మేదారీ రాయని మనుషులు ఎవరైనా ఉన్నారంటే ఆ అమ్మాయిలే. అబుల్ ఫజల్ 12 రకాల్లో వాళ్ళు లేరు. ముసాఫిర్లు కూడా కారు, సరుకులో లెక్క. వాళ్ళ పేర్లు ఖాఫీ ఖాన్‌కి కూడా అక్కర్లేకపోయింది.

పోరు ఎంతసేపు జరిగింది అనే దాంట్లో తేడాలున్నాయి. ఖాఫీ ఖాన్ చదివితే అంతా చిటికెలో అయిపోయినట్టుంటుంది. తర్వాత ఇంగ్లండులో పట్టుబడ్డ దొంగల్లో ఒకడు రెండు గంటలు పోరాడారని, మేం దూకాక జనం అడుగు అరలోకి పరుగెత్తారని వాంగ్మూలం ఇచ్చాడు. రెండు గంటలు నిజమైతే డెక్కు మీద ఎవరో నిలబడ్డారన్నమాట. నాఖుదా ఉన్నా లేకపోయినా తోపుల్లో మందు కూరుతూ కొందరు చివరిదాకా నిలబడి ఉంటారు. నాకు ఆ 12 రూపాయల మనుషులు గుర్తొచ్చారు. అబుల్ ఫజల్ లెక్క నూరేళ్ళ ముందుది, వేరే రేవుది, దాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం సరికాదు. కానీ తోపు పగలడాన్ని మాత్రం నేను తఖ్దీర్ అని వదిలెయ్యలేను. ఖాఫీ ఖాన్ దాన్ని దురదృష్టం అన్నాడు. తోపు ఊరికే పగలదు. పోత బాగా లేకో, మందు ఎక్కువై పోయో, తుప్పు చూసుకోకో పగులుతుంది. చూసుకోవాల్సిన మనిషి ఒకడుంటాడు, వాడు చూశాడా లేదా అని అడగాల్సిన మనిషి వాడిపైన ఉంటాడు. ముందు ఒంటెను కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న హదీస్ మన పిల్లలందరికీ నేర్పిస్తాం. 80 తోపులు కట్టని ఒంటెలు.

తర్వాత జరిగింది క్లుప్తంగానే చెబుతాను, వివరాలు రాయడానికి చెయ్యి రావడం లేదు. వారం రోజులు ఓడని తమ గుప్పిట్లో పెట్టుకుని దోచారు. ముసలీ పడుచూ తేడా లేకుండా ఆడవాళ్ళని చెరిచారు. కొందరు సముద్రంలో దూకారు, కొందరు కత్తితో పొడుచుకున్నారు. హజ్ ముగించుకుని వస్తున్నవాళ్ళు వాళ్ళు. అల్లాహ్ వాళ్ళ మర్తబా పెంచుగాక.

ఓడ సూరత్ చేరాక ఊరు భగ్గుమంది. జనం మీదపడి కొట్టెయ్యకుండా కోఠీలో ఉన్న ఇంగ్లీషువాళ్ళని సూరత్ హాకిం బేడీలు వేసి బంధించాడు. బాద్షా అడిగింది ఒక్కటే: దొంగలు మీ జాతివాళ్ళు, దారి కాపలా మీ జిమ్మా. కొన్నేళ్ళు పట్టింది గానీ ఫరంగీ కంపెనీలు ముచల్కా రాసిచ్చాయి. ఎర్ర సముద్రం వైపు డచ్చివాళ్ళు, దక్షిణ సముద్రం ఇంగ్లీషువాళ్ళు, ఫార్స్ ఖలీజ్ ఫ్రెంచివాళ్ళు కాయాలని పంచుకున్నారు. ఈ కాపలా ఒట్టి మాట కాదని 1697 ఆగస్టులో తెలిసింది. కెప్టెన్ కిడ్ మోఖా గుంపు మీద కన్నేసి దగ్గరికొస్తే, తోడుగా ఉన్న కంపెనీ ఓడ సెప్టర్ జెండా ఎగరేసి తోపు పేల్చింది, కిడ్ వెనక్కి తగ్గాడు. బాద్షా హాజీలకి ఫరంగీ కాపలా! కార్తాజ్ నుంచి ఇక్కడిదాకా నూరేళ్ళు దాటాక కూడా మన సముద్రానికి తాళంచెవి పరాయివాడి దగ్గరే ఉంది.

ఇన్సాఫ్ సంగతి కూడా చెప్పాలి. 1696లో లండన్‌లో ఎవరీ మనుషులు ఆరుగురి మీద ముఖద్దమా నడిచింది. మొదట గంజ్-ఎ-సవాయీ దోపిడీ మీద విచారిస్తే జ్యూరీ నిర్దోషులని తేల్చింది. సర్కారు పరువు పోయింది. మళ్ళీ విచారణ పెట్టి, ఫ్యాన్సీని, అంటే ఇంగ్లీషు యజమానుల ఓడని, దొంగిలించారన్న నేరం మీద శిక్ష వేయించారు. ఐదుగుర్ని థేమ్స్ ఒడ్డున ఉరి తీశారు. ఉరి పడింది ఇంగ్లీషు ఓడ దొంగిలించినందుకు. హాజీల ఖూన్‌కి పడలేదు. ఎవరీ ఎన్నటికీ దొరకలేదు.

ఇబ్రహీం ఖాన్‌ని ఎవరూ ఏమీ అడిగినట్టు ఖాఫీ ఖాన్ రాయలేదు.

ఇదంతా మా ఆపా కొడుక్కి ఫోన్‌లో చెప్పాను. విశాఖలో పెరిగినవాడు, సరుకు ఓడల్లో థర్డ్ ఆఫీసర్. వాడు ఇదే బాబుల్ మందబ్ మీదుగా, గల్ఫ్ ఆఫ్ ఏడెన్ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళాడో. వాడు వెళ్ళిన ప్రతిసారీ ఇక్కడ మా ఆపా రెండు రకాత్‌ల నఫిల్ ఎక్కువ చదువుతుంది. 2004 జూలై నుంచి పెద్ద వ్యాపార ఓడలన్నిటి మీదా ఒక సెక్యూరిటీ ఆఫీసర్ ఉండాలని అంతర్జాతీయ ఖానూన్ వచ్చింది. కనీసం మూడు నెలలకోసారి కసరత్ చెయ్యాలి. నిచ్చెన దగ్గర కాపలా, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో రిజిస్టర్, బ్రిడ్జి మీద ఒక రహస్య మీట, నొక్కితే ఓడ మీద చప్పుడు రాదు, ఒడ్డున ఉన్నవాళ్ళకి ఖబర్ పోతుంది. ఆ దారిలో వెళ్ళేటప్పుడు రెయిలింగ్ చుట్టూ రేజర్ తీగ చుడతారు. కాపలా మనుషుల్ని పెంచుతారు. "ఇంకోటి మామూ, బాయిలర్ సూట్లు తొడిగి బొమ్మల్ని కూడా నిలబెడతాం, దూరం నుంచి చూస్తే మనుషులనుకుంటారు" అన్నాడు నవ్వుతూ. పగ్డీలు చుట్టిన ఆ అమ్మాయిలు గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు. వాడికి చెప్పాను. వాడూ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత నేనే అడిగాను, మరి దొంగలు నిజంగా ఎక్కేస్తే?

"కిందికే పోతాం మామూ. ఇనుప తలుపుల గది ఉంటుంది, సిటడెల్ అంటాం. లోపల్నుంచి గడియ పెట్టుకుని ఫౌజ్ వచ్చేదాకా ఉంటాం."

"అంటే ఇబ్రహీం ఖాన్ చేసిందే కదరా?"

"కాదు. తలుపు మూసే ముందు తలలు లెక్కపెట్టాలి. ఒక్కడు బయట ఉండిపోయినా దాక్కోవడం దండగ. వాడి మెడ మీద తుపాకీ పెడతారు, మేం తలుపు తియ్యాల్సిందే. బయట ఎవరైనా ఉంటే లోపల బందూకులతో ఫౌజ్ దిగడానికి కూడా కుదరదు."

వాడి ఓడ మీద మొత్తం 22 మంది. ఒకసారి కసరత్‌లో లెక్క 21 వచ్చిందట. మెస్‌లో పళ్ళేలు కడిగే కొత్త కుర్రాడు, మొదటి సఫర్ వాడిది, రాత్రి డ్యూటీ చేసి పడుకుని గంట వినలేదు. కెప్టెన్ తలుపు తీయించి, అందర్నీ మళ్ళీ పైకి పంపి, మళ్ళీ గంట కొట్టించి, మొదటినుంచి లెక్కపెట్టించాడు. ఈసారి ఆ కుర్రాడిని వెంటబెట్టుకు రావడం ఎవరి జిమ్మా అని ఒక పేరు కాగితం మీద రాయించాడు. ఆ పేరు మా వాడిదే.